పళ్ళకు క్లిప్పులు వేయించే ముందు



మేము ఇళ్ళు దర్శించేటప్పుడు తల్లులు అడిగే ప్రశ్నలలో ఈ మధ్య ఒకటి క్రొత్తగా వచ్చి చేరింది. "అయ్యగారూ, మా పిల్లకు ముందు పళ్ళు ఎత్తుగా వస్తున్నాయి. క్లిప్పులు వేయిస్తే సర్దుకుంటాయంటున్నారు. ఎన్నాళ్ళు పడుతుందంటారు? నొప్పి పుడుతుందా? అన్నాళ్ళూ పిల్ల ఏమి తింటుంది?" అని. ఒకప్పుడు ఇది పట్నాలలో కలిగిన ఇళ్ళలో మాత్రమే వినిపించే మాట. ఇప్పుడు వట్లూరులోను, పెదపాడు వైపు గ్రామాలలోను, కొల్లేటి లంకలలోను, చేపల చెరువుల మీద పనికి వెళ్ళే ఇళ్ళలో కూడ వినిపిస్తున్నది. ఇది మంచిదే. నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డు పెట్టుకొనే పిల్లను చూస్తే ఏ తల్లికైనా మనసు చివుక్కుమంటుంది.

మేము వైద్యులము కాము. ఈ వ్యాసము డాక్టరుగారి మాటకు బదులు కాదు. అయితే ఈ వైద్యము ఎలా మొదలై, ఎన్ని మెట్లు ఎక్కి, ఎలా ముగుస్తుందో తల్లిదండ్రులకు ముందే తెలిసి ఉంటే చాలా కష్టము తప్పుతుంది. ఎందుకనగా క్లిప్పులు వేయించడము పన్ను పీకించుకొన్నట్లు ఒక పూటలో తీరిపోయే పని కాదు. సాధారణముగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు, కొందరికి రెండున్నర ఏళ్ళు కూడ పడుతుంది. దాని తరువాత మరికొన్నాళ్ళు కాపాడుకోవాలి. సగములో మానుకొన్నవారు అసలు మొదలుపెట్టని వారికంటె ఎక్కువ నష్టపోతారు. కావున మొదలుపెట్టే ముందే చివర వరకు చూడగలమా అని ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించాలి.

పన్ను ఎలా కదులుతుంది?

ఎముకలో పాతుకొని ఉన్న పన్ను తీగ కడితే ఎలా జరుగుతుంది? ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. మన ప్రాంతములో చెరువు గట్టు జరపడము చూసినవారికి ఇది సులభముగా అర్థమవుతుంది. గట్టును ఒక ప్రక్కకు జరపాలంటే ఆ ప్రక్క మట్టి తవ్వి, ఈ ప్రక్క పోసుకుంటూ రావాలి. పన్ను విషయములో కూడ అంతే. పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని నారలవంటి పొర ఒకటి ఉంటుంది. తీగ మెల్లగా నెట్టినప్పుడు, పన్ను ఏ వైపుకు ఒత్తుకొంటున్నదో ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. వెనుక వైపు క్రొత్త ఎముక కట్టుకుంటుంది. కరిగించే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. రెండూ మన శరీరములోనివే. తీగ చేసేదల్లా వాటికి పని చెప్పడమే.

ఈ పని నిదానముగానే జరగాలి. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరిగితే అది మంచి నడక. తొందరపడి గట్టిగా లాగితే పన్ను త్వరగా రాదు సరికదా, నొప్పి పెరుగుతుంది, వేరు కొన అరిగే ప్రమాదము కూడ ఉంది. "ఇంకొంచెము బిగించండి డాక్టరుగారూ, పెళ్ళి దగ్గరపడింది" అని అడిగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఏ వయసులో?

ఆరేళ్ళ ప్రాంతములో పాల పళ్ళు ఊడడము మొదలవుతుంది. పన్నెండు, పదమూడేళ్ళకు జ్ఞాన దంతాలు తప్ప మిగిలిన పళ్ళన్నీ వచ్చేస్తాయి. ఎక్కువమంది పిల్లలకు క్లిప్పులు వేసేది ఈ వయసులోనే. అయితే ఏడేళ్ళ ప్రాంతములో ఒకసారి డాక్టరుకు చూపించడము మంచిదని నిపుణుల సలహా. చూపించినంత మాత్రాన వెంటనే క్లిప్పులు వేస్తారని కాదు. క్రింది దవడ ముందుకు వస్తున్నదా, పిల్లవాడు ఇంకా బొటనవ్రేలు చీకుతున్నాడా, నోటితో గాలి పీల్చుకొంటున్నాడా అన్నది అప్పుడు తెలుస్తుంది. దవడ ఎదుగుతున్న వయసులో సరిచేయగలిగిన లోపాలు కొన్ని ఉన్నాయి. ఎదుగుదల ఆగిపోయాక వాటిలో కొన్నింటికి శస్త్రచికిత్స తప్ప మార్గము ఉండదు.

ఇక్కడ తల్లులకు ఒక ధైర్యపు మాట. ఎనిమిది నుండి పదకొండేళ్ళ మధ్య చాలామంది పిల్లలకు పైన ముందు పళ్ళు విచ్చుకొని, మధ్యలో సందు కనబడుతుంది. చూడడానికి వికారముగా ఉంటుంది. పైన లోపల నుండి దిగుతున్న కోరపళ్ళు ప్రక్క పళ్ళ వేళ్ళను నొక్కడము వలన ఇలా జరుగుతుంది. కోరపళ్ళు పూర్తిగా దిగాక ఆ సందు చాలామందిలో తనంతట తానే మూసుకుంటుంది. డాక్టరు "ఇప్పుడేమీ వద్దు, ఏడాది ఆగి రండి" అంటే మన బిడ్డను పట్టించుకోలేదని కాదు. ఆగడము కూడ వైద్యములో భాగమే.

మరొక మాట. పాల పళ్ళు ఎలాగూ ఊడిపోతాయి గదా అని పుచ్చిపోయినా వదిలేస్తాము. పాల పన్ను తన క్రింద వచ్చే పన్నుకు చోటు పట్టి ఉంచుతుంది. దవడలోని పాల పన్ను కాలానికి ముందే పోతే వెనుక పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. తరువాత రావలసిన పన్ను దారి లేక వంకరగా వస్తుంది. పాల పళ్ళను కాపాడుకొంటే కొందరికి క్లిప్పుల అవసరమే తగ్గవచ్చు.

పెద్దవారికి కూడ ఈ వైద్యము చేస్తారు. చిగుళ్ళు, ఎముక గట్టిగా ఉండాలి. సమయము కొంచెము ఎక్కువ పట్టవచ్చు. "ముప్పై ఏళ్ళు వచ్చాయి, ఇంకేమి లాభము" అని నిరాశపడనక్కరలేదు.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

మన దేశములో మొదటి దంత కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్‌గారు స్థాపించారు. హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాల 1959లో ఏర్పడింది. ఈనాడు మనవారు అంత దూరము పోనక్కరలేదు. ఏలూరు ప్రక్కన దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత కళాశాల ఉంది. భీమవరములో విష్ణు దంత కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉన్నాయి. కళాశాల ఆస్పత్రులలో సాధారణముగా బయటకంటె ఖర్చు తక్కువగా ఉంటుంది. అయితే అక్కడ చదువుకొనే డాక్టర్లు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చూస్తారు గనుక ఒక్కొక్కసారి ఎక్కువసేపు వేచి ఉండాలి. ఒకరి చదువు ముగిస్తే మన కేసు మరొకరికి అప్పగిస్తారు. దీనికి కంగారుపడవద్దు. మన చీటీ, నంబరు జాగ్రత్తగా దాచుకోవాలి.

పళ్ళ డాక్టర్లందరూ బి.డి.ఎస్. చదివినవారే. పళ్ళను వరుసకు తెచ్చే వైద్యములో ఆ తరువాత మరి మూడేళ్ళు ఎం.డి.ఎస్. చదివినవారు ఉంటారు. వారిని ఆర్థోడాంటిస్టు అంటారు. పళ్ళు ఎత్తుగా ఉన్నా, దవడలు సరిగా కలవకపోయినా వారినే అడగడము మంచిది. బోర్డు మీద పట్టా చూడండి. అడగడానికి సిగ్గుపడవద్దు. పట్టా, రిజిస్ట్రేషన్ లేనివారి చేతిలో బిడ్డ నోరు పెట్టవద్దు.

మొదటి నెల: సిద్ధపాటు

మొదటి రోజునే క్లిప్పులు వేస్తారని అనుకొని వెళ్ళేవారు నిరాశపడతారు. ముందు నోరంతా చూస్తారు. ఎక్స్‌రేలు తీస్తారు. పళ్ళకు అచ్చు తీసి నమూనా చేస్తారు. ముఖానికి, పళ్ళకు ఫోటోలు తీస్తారు. గార తీసి శుభ్రము చేస్తారు. పుచ్చిన పళ్ళు ఉంటే నింపుతారు. పునాది చూడకుండ గోడ లేపరు గదా! దీనికి రెండు మూడుసార్లు తిరగాలి.

పళ్ళకు చోటు చాలనప్పుడు, లేక రెండు దవడల పళ్ళూ బాగా ముందుకు వచ్చినప్పుడు కొన్ని పళ్ళు తీయవలసి వస్తుంది. ఎక్కువగా కోరపన్ను వెనుక ఉండే చిన్న దవడ పళ్ళను తీస్తారు. పైన రెండు, క్రింద రెండు, మొత్తము నాలుగు. అందరికీ తీయరు, ఎక్స్‌రే, కొలతలు చూసి నిర్ణయిస్తారు. "పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుంది" అని మన పెద్దలలో ఒక భయము ఉన్నది. ఇందులో నిజము లేదు. పంటి నరము వేరు, కంటిచూపు నరము వేరు. అమ్మమ్మలకు నెమ్మదిగా చెప్పి ఒప్పించండి.

తరువాత వెనుక దవడ పళ్ళ మధ్య చిన్న రబ్బరు రింగులు దూర్చి కొద్ది రోజులు, సాధారణముగా ఒక వారము ఉంచుతారు. ఆ పళ్ళకు లోహపు కడియము తొడగడానికి సందు కావాలి గనుక ఇలా చేస్తారు. పళ్ళ మధ్య మాంసపు పీచు ఇరుక్కున్నట్లుంటుంది. పుల్లతో కెలికి తీసివేయకుండ పిల్లలకు చెప్పండి.

క్లిప్పులు వేసిన రోజు, ఆ తరువాతి వారము

పళ్ళను వరుసకు తెచ్చే విద్యను ఒక శాస్త్రముగా నిలబెట్టినవారిలో అమెరికా దేశస్థుడు ఎడ్వర్డ్ ఆంగిల్ ముఖ్యుడు. పై పళ్ళు క్రింది పళ్ళతో ఎలా కలుస్తున్నాయో చూసి లోపాలను తరగతులుగా విభజించే పద్ధతిని ఆయన 1899లో ప్రకటించాడు. డాక్టర్లు ఈనాటికీ దానినే వాడుతున్నారు. ఆ కాలములో ప్రతి పన్నుకూ లోహపు కడియము తొడిగేవారు. 1955లో మైకేల్ బ్యూనకోర్ అనే వైద్యుడు పంటి పైపొరను కొద్దిపాటి ఆమ్లముతో గరుకు చేస్తే దానికి జిగురు గట్టిగా పట్టుతుందని చూపించాడు. ఆ మార్గమున ఇప్పుడు పంటి మీద చిన్న బిళ్ళ అతికిస్తే సరిపోతున్నది. అమెరికా నావికాదళ ప్రయోగశాలలో కనుగొన్న నికెల్, టైటానియము కలిసిన తీగ 1970ల నుండి ఈ వైద్యములోకి వచ్చింది. ఎలా వంచినా తిరిగి తన ఆకారానికి వచ్చే గుణము దానికి ఉంది. అందువలన అది పన్నును మెత్తగా, ఎడతెగకుండ లాగుతుంది. నికెల్ వలన ఒంటికి దద్దుర్లు వచ్చే అలవాటు ఉంటే, ఉదాహరణకు గిల్టు నగలు పెట్టుకొంటే చెవి పుండు పడుతుంటే, ముందుగానే డాక్టరుకు చెప్పాలి.

బిళ్ళలు అతికించే పని సుమారు ఒక గంట, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ పడుతుంది. ఇంజక్షన్ ఉండదు. అప్పుడు నొప్పి కూడ ఉండదు. ఇంటికి వచ్చిన కొన్ని గంటలకు పళ్ళు పీకుతున్నట్లు మొదలవుతుంది. మరుసటి రోజు బాధ ఎక్కువగా ఉంటుంది. తరువాత తగ్గుతూ వచ్చి వారము లోపల సర్దుకుంటుంది. డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర వాడవచ్చు. ఆ నాలుగైదు రోజులు జావ, మెత్తటి పెరుగన్నము, ముద్దపప్పు, ఇడ్లీ, ఉప్మా, అరటిపండు పెట్టండి.

బిళ్ళలు ఒరుసుకొని బుగ్గ లోపల, పెదవి లోపల పుండ్లు పడతాయి. దీనికి డాక్టర్లు మైనము ఇస్తారు. చిన్న ఉండ చేసి గుచ్చుకొనే బిళ్ళ మీద అద్దాలి. గోరువెచ్చని నీటిలో ఉప్పు వేసి పుక్కిలించాలి. రెండు మూడు వారాలకు నోరు అలవాటు పడుతుంది. ఆ మొదటి వారములోనే "మాకొద్దు, తీసేయండి" అని ఏడ్చే పిల్లలు ఉంటారు. కోపపడక వారిని ఊరుకోబెట్టండి. "ఆదివారానికి తగ్గుతుంది" అని రోజులు లెక్కపెట్టి చూపండి. ఎప్పుడు తగ్గుతుందో తెలిస్తే చిన్న పిల్లలైనా ఓర్చుకొంటారు.

మొదటి ఆరు నెలలు

ఇక నెలకొకసారి, డాక్టరు చెప్పినట్లు నాలుగు నుండి ఆరు వారాలకొకసారి, వెళ్ళి రావాలి. తీగ మారుస్తారు లేక బిగిస్తారు. బిగించిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు కొంచెము నొప్పి ఉంటుంది. ఈ ఆరు నెలలలో మార్పు కంటికి బాగా కనిపిస్తుంది. వంకరగా ఉన్న పళ్ళు వరుసకు వస్తాయి. బంధువులు చూసి మెచ్చుకొంటారు.

ప్రమాదము ఇక్కడే ఉన్నది. "పళ్ళు చక్కగా వచ్చేశాయి గదా, ఇంకా ఎందుకు ఈ తిరుగుడు" అని వెళ్ళడము మానేసేవారు ఎక్కువమంది ఈ దశలోనే మానేస్తారు. పైకి వరుస కుదిరిందే కాని, వేళ్ళు ఇంకా తమ చోటికి రాలేదు. పై దవడ, క్రింది దవడ సరిగా కలవలేదు. తీసిన పళ్ళ చోటు ఖాళీగానే ఉంది. నారు ఊడ్చి, చేను పచ్చబడగానే నీళ్ళు పెట్టడము మానే రైతును చూశామా?

ఆరవ నెల నుండి ఏడాదిన్నర వరకు

ఇది ఓర్పు పరీక్షించే కాలము. తీసిన పన్ను ఖాళీ సుమారు ఏడు మిల్లీమీటర్లు ఉంటుంది. నెలకు ఒక మిల్లీమీటరు లెక్కన చూస్తే అది మూయడానికే ఏడెనిమిది నెలలు పడుతుంది. ఏ నెలకు ఆ నెల చూస్తే ఏమీ మారినట్లుండదు. పిల్లలు విసుగుపడతారు, పెద్దలకు డబ్బు వృథా అయిందనిపిస్తుంది. మొదటి రోజు తీసిన ఫోటో ఒకటి ఇంట్లో ఉంచుకోండి. మూడు నెలలకొకసారి దాని ప్రక్కన నిలబెట్టి చూపితే, జరిగిన పని కనబడుతుంది.

చాలామందికి పై పళ్ళకూ క్రింది పళ్ళకూ కలిపి చిన్న రబ్బరు బ్యాండ్లు తగిలించుకోమంటారు. వీటిని పిల్లలే రోజూ మార్చుకోవాలి. అన్నము తినేటప్పుడు, పళ్ళు తోమేటప్పుడు తప్ప రోజంతా ఉంచుకోవాలి. పగలు బడిలో సిగ్గుపడి తీసి, రాత్రి మాత్రమే పెట్టుకొంటే ఆ నెల వృథా. డాక్టరు చేయలేని పని ఇదొక్కటే. ఇది పిల్లల చేతిలో ఉన్నది, వారికి గుర్తుచేసే తల్లి చేతిలో ఉన్నది.

చివరి నెలలు, ఆ తరువాత

ఆఖరి మూడు నుండి ఆరు నెలలు చిన్న చిన్న దిద్దుబాట్లు ఉంటాయి. నమిలేటప్పుడు పళ్ళన్నీ సరిగా కలుస్తున్నాయో లేదో చూస్తారు. తరువాత ఒక రోజు బిళ్ళలన్నీ తీసి, జిగురు గీకి శుభ్రము చేస్తారు. ఇంటికి వచ్చి అద్దము ముందు నిలబడ్డ పిల్ల ముఖము చూడవలసిందే!

అయితే పని అక్కడితో తీరలేదు. చెరువు గట్టు సంగతి మరల తలంచుకోండి. క్రొత్తగా పోసిన మట్టి గట్టిపడక ముందే నీరు పెడితే ఏమవుతుంది? పంటి చుట్టు నారలు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు, చిగురులోని సాగే నారలకు ఏడాది వరకు పడుతుంది. అంతవరకు అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. అందుకే రిటైనర్ అనే పట్టీ ఇస్తారు. కొందరికి తీసి పెట్టుకొనేది, కొందరికి పళ్ళ వెనుక సన్నని తీగ అతికించేది. తీసి పెట్టుకొనే దానిని మొదట డాక్టరు చెప్పినన్ని నెలలు పగలూ రాత్రీ, తరువాత రాత్రులు పెట్టుకోవాలి. ఇది మానినవారికి రెండేళ్ళ కష్టము కొన్ని నెలలలో వెనుకకు పోతుంది. రిటైనర్‌ను కాగితములో చుట్టి భోజనాల బల్ల మీద పెట్టకండి, చెత్తతో పోతుంది. వేడి నీళ్ళలో కడగకండి, వంకరపోతుంది. దానికి ఒక డబ్బా ఉండాలి.

తిండి, పళ్ళు తోమడము

క్లిప్పులున్నన్నాళ్ళు గట్టివీ, అంటుకొనేవీ మానాలి. జంతికలు, పప్పు చెక్కలు, పల్లీ చెక్క, చెరుకు ముక్క, మొక్కజొన్న పొత్తు, ఐసు ముక్కలు, గట్టి జామకాయ, బొమికలు కొరకడము – ఇవన్నీ బిళ్ళలు ఊడగొడతాయి. జామకాయను, మామిడికాయను చిన్న ముక్కలుగా కోసి వెనుక పళ్ళతో నమలవచ్చు. కొల్లేటి చేప కూర మానమని ఎవరూ అనరు. ముల్లు తీసి పెట్టండి. క్రిస్మసుకూ, సంక్రాంతికీ ఇంట్లో పిండివంటలు చేసినప్పుడు ఆ బిడ్డకు మెత్తనిది ఒకటి వేరుగా చేయండి. అందరూ జంతికలు నములుతుంటే తాను చూస్తూ కూర్చోవడము చిన్నతనములో పెద్ద కష్టమే.

బిళ్ళ ఊడిన ప్రతిసారీ వైద్యము వెనుకబడుతుంది. ఊడితే నెల తారీఖు వరకు ఆగక కబురు చేయండి. తీగ గుచ్చుకొంటే మైనము పెట్టండి. ఇంట్లోని కటింగ్ ప్లయరుతో కత్తిరించే ప్రయత్నము చేయవద్దు. బిళ్ళ మ్రింగితే సాధారణముగా విరేచనములో పోతుంది. దగ్గు తెరలు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్ళాలి.

ప్రతి భోజనము తరువాత పళ్ళు తోమాలి. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టు కావాలి. తీగ క్రింద శుభ్రము చేయడానికి బుడ్డి బ్రష్షులు దొరుకుతాయి. వేపపుల్ల మంచిదే కాని, దానిని నమిలితే బిళ్ళలు ఊడతాయి గనుక ఈ రెండేళ్ళు ప్రక్కన పెట్టండి. బొగ్గు పొడి, ఇటుక పొడి వాడవద్దు. సరిగా తోమకపోతే బిళ్ళల చుట్టు తెల్ల మచ్చలు పడతాయి. పుచ్చు మొదలైనదనడానికి అది గుర్తు. పళ్ళు వరుసగా వచ్చి, మచ్చలు మిగిలితే ఏమి లాభము?

ఖర్చు, ప్రయాణము, తోడు

డబ్బు సంగతి మొదటి రోజునే అడగండి. మొత్తము ఎంత? వాయిదాలు ఎన్ని? ఎక్స్‌రేలు, పళ్ళు తీయడము, రిటైనర్ అందులో కలిసి ఉన్నాయా? బిళ్ళ ఊడితే మరల కట్టాలా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కాగితము మీద వ్రాయించుకోండి. తెల్లగా పంటి రంగులో ఉండే బిళ్ళలకు, తీసి పెట్టుకొనే పారదర్శకపు పట్టీలకు ఖర్చు ఎక్కువ. చాలామంది పిల్లలకు మామూలు లోహపు బిళ్ళలు చక్కగా పనిచేస్తాయి. తక్కువ ఖర్చుదని చిన్నబుచ్చుకోనక్కరలేదు.

డాక్టరు ఫీజుతో పాటు తిరుగుడు లెక్క కూడ వేసుకోండి. రెండేళ్ళలో ముప్పై సార్ల వరకు వెళ్ళవలసి రావచ్చు. వట్లూరు నుండి ఏలూరు దగ్గరే. లంక గ్రామాల నుండి అయితే ఒక రోజు పని పోతుంది, ఆ రోజు కూలి పోతుంది. కొల్లేరు పొంగి రోడ్డు మునిగితే ఆ నెల వెళ్ళడము కుదరదు. వానకాలములో ముందుగా ఫోను చేసి తారీఖు మార్చుకోండి. ఒక్క నెల తప్పితే ఫరవాలేదు. మూడు నెలలు తప్పితే మాత్రము పళ్ళు తమ ఇష్టము వచ్చిన దారి పట్టవచ్చు.

మన జిల్లాల నుండి ఎందరో తల్లులు కువైటు, మస్కటు వంటి చోట్లకు పనికి వెళ్ళారు. "నా కష్టము నా బిడ్డ ముఖములో కనబడాలి" అని డబ్బు పంపుతారు. బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటుంది. అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు. డబ్బు ఉన్నది కాని, నెలనెలా చెయ్యి పట్టుకొని తీసికొని వెళ్ళే మనిషి లేడు. బిళ్ళలు నోట్లోనే ఉండిపోయి, వాటి చుట్టు పాచి పట్టి, చిగుళ్ళు వాచిన పిల్లలను మేము చూశాము. తప్పు ఆ తల్లిదీ కాదు, అమ్మమ్మదీ కాదు. మొదలుపెట్టేనాడు "ఎవరు తీసికొని వెళ్తారు" అని ఎవరూ అడగలేదు, అంతే. మేనమామ గాని, పిన్ని గాని, ఏలూరులో కాలేజీకి వెళ్ళే ప్రక్కింటి అక్క గాని, ఒకరి పేరు ముందే అనుకోండి. సంఘములో పొరుగువారిగా మనము ఒకరికొకరము చేయగల సహాయము ఇదే. నెలకొక పూట మరొకరి బిడ్డ వెంట ఆస్పత్రికి వెళ్ళి రావడము పెద్ద పని కాదు, కాని దాని వలన ఒక వైద్యము పూర్తవుతుంది.

ఏ కారణము చేతనైనా కొనసాగించలేకపోతే దాచవద్దు. డాక్టరు దగ్గరకు వెళ్ళి సంగతి చెప్పి, బిళ్ళలు తీయించి, ఉన్నంతవరకు నిలుపుకోవడానికి పట్టీ అడగండి. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవడమే అన్నిటికంటె నష్టము.

ఎవరి కోసము?

చివరిగా ఒక మాట. ఆడపిల్లకు సంబంధాలు చూడడము మొదలుపెట్టాక, "ఆరు నెలలలో సరిచేయండి" అని పరుగెత్తేవారు ఉన్నారు. ఆరు నెలలలో ఏమి జరుగుతుందో, ఏమి జరగదో పైన చెప్పుకున్నాము. అంతకంటె ముఖ్యమైనది, పళ్ళ వరుసను బట్టి బిడ్డ విలువ కట్టవద్దు. కొద్దిగా వంకరగా ఉన్న పళ్ళు శుభ్రముగా ఉండి, చక్కగా నమలగలుగుతుంటే వాటిని అలాగే ఉంచుకొని సంతోషముగా బ్రతుకుతున్నవారు మన మధ్య చాలామంది ఉన్నారు. అలాగని అవసరమైన వైద్యమును వృథా ఆడంబరమని తీసివేయవద్దు. బాగా ఎత్తుగా ఉన్న పళ్ళు క్రింద పడినప్పుడు సులభముగా విరుగుతాయి. గజిబిజిగా ఉన్న పళ్ళను శుభ్రము చేసుకోవడము కష్టము. బడిలో తోటివారు పెట్టే వంకర పేర్లు పిల్లల నోరు మూయిస్తాయి. పాట పాడవలసిన బిడ్డ వెనుక వరుసలో తల వంచుకొని నిలబడుతుంది.

కావున బిడ్డను అడగండి. పన్నెండేళ్ళ పిల్లకు ఈ రెండేళ్ళలో ఏమేమి జరుగుతుందో చెప్పి, "నీకు ఇష్టమేనా? ఓర్చుకొంటావా?" అని అడగండి. బలవంతముగా కూర్చోబెట్టిన బిడ్డ రబ్బరు బ్యాండ్లు తీసి పారవేస్తుంది. తాను ఒప్పుకొన్న బిడ్డ మనము మరచిపోయినా తానే తారీఖు గుర్తుచేస్తుంది. ఇల్లంతా ఒక మాట మీద నిలిచి, నెలకొక అడుగు వేస్తూ పోతే రెండేళ్ళు ఇట్టే గడుస్తాయి. అప్పుడు ఆ బిడ్డ నోటికి చెయ్యి అడ్డు పెట్టుకోకుండ నవ్వుతుంది.